కనికరమునకు పుట్టినిల్లు

హీబ్రూ భాషలో కనికరమును తెలుపు మాట 'రహమీమ్'. గర్భాశయమును తెలుపు మాట 'రెహెమ్'. రెండింటికీ ధాతువు ఒక్కటే. పాత నిబంధనలో ప్రవక్తలు దేవుని దయను గూర్చి పలికిన అనేక సందర్భాలలో వాడిన మాట ఇదే. అనగా ఆ ప్రాచీన జాతి, దయ అనే గుణానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తల్లి కడుపు వైపు చూచినదన్నమాట. క్రొత్త నిబంధన వెలసిన గ్రీకు భాషలోను ఇట్టి విశేషమే ఉన్నది. యేసు జనసమూహమును చూచి కనికరపడినాడని సువార్తికులు చెప్పే చోట వాడిన క్రియ, లోపలి పేగులను సూచించే నామం నుండి పుట్టినది. తెలుగువారికి ఇది వింతగా తోచదు. బిడ్డ మీది మమకారమును మనం కడుపుతీపి అంటాము. బిడ్డను పోగొట్టుకొన్న దుఃఖమును కడుపుకోత అంటాము. పరుల బాధను చూచినప్పుడు మనకు తరుక్కుపోయేది కూడ కడుపే.

దయకు పుట్టినిల్లు స్త్రీ గర్భమే అయినప్పుడు, ఆ గర్భమును మోసే స్త్రీ యెడల మతము ఎంత దయ చూపినది? బిడ్డను కనుటకు, కనకుండుటకు, కన్నవారిని సుఖంగా పెంచుకొనుటకు ఆమెకు గల హక్కును క్రైస్తవ సమాజం ఏ దృష్టితో చూచినది? ఇరువదవ శతాబ్దిలో ఈ ప్రశ్న క్రైస్తవ దేశాలను కుదిపివేసినది. సమాధానాలు అప్పుడు ఒక్కటిగా లేవు, నేడును లేవు. అయితే ఆ వాదోపవాదాల నడుమ, వాదమును కొంతసేపు ప్రక్కకు నెట్టి, ఎదుట నిలిచిన మనిషి మాట వినడానికి పూనుకొన్న కొందరు బోధకుల చరిత్ర ఒకటి ఉన్నది. మన పాఠకులకు అది అంతగా పరిచితం కాదు. దానిని ముచ్చటించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

నిషేధము ఎవరికి?

1967 నాటికి అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో గర్భవిచ్ఛిత్తి నేరము. తల్లి ప్రాణం నిలుపుటకు తప్పనిసరి అయినప్పుడే దానికి అనుమతి. ఆ శాసనమునకు మూలం 1828 నాటిది. దానిని కొంత సడలించాలని 1967లో ఆ రాష్ట్ర శాసనసభలో ఒక బిల్లు వచ్చినది గాని నెగ్గలేదు.

నిషేధమున్నంత మాత్రాన గర్భవిచ్ఛిత్తులు ఆగిపోయినవా? ఆగలేదు, చీకటిలోనికి పోయినవి. కలిగినవారి ఆడపడుచులు విమానమెక్కి పరదేశమునకు పోయి వచ్చేవారు. లేదా, ప్రసవమైతే మతి చెదరగలదని తెలిసిన వైద్యుల చేత పత్రం వ్రాయించుకొని, పెద్ద ఆసుపత్రిలోనే పని ముగించుకొనేవారు. లేనివారికి మిగిలినవి ఏ సందులోనో అపరిచితుని గది, శుభ్రత లేని పరికరము. అదీ కాకున్న, తమ చేతులతో తామే చేసికొనే ప్రాణాంతక ప్రయత్నము. న్యూయార్కు నగరంలో ఈ విధంగా చనిపోయినవారిలో నల్లజాతి స్త్రీలు, పోర్టోరికో నుండి వలస వచ్చిన స్త్రీలు తమ జనసంఖ్యకు మించిన పాలు ఉండినారు. ఇట్టి కష్టం పెండ్లికాని పడుచులకే వచ్చేదనుకొనుట పొరపాటు. అప్పటికే నలుగురు బిడ్డలను కని, ఐదవ బిడ్డకు పాలెక్కడివని కుమిలే ఇల్లాలును వారిలో ఉండేది.

శాసనం అందరికీ ఒక్కటే. శిక్ష మాత్రం బీదరాలికి. ఈ అన్యాయమును చూచిన తరువాతనే ఆ బోధకులు కదలినారు.

ఇరువది ఒక్కరు

న్యూయార్కు నగరంలో వాషింగ్టన్ స్క్వేర్ అనే ఉద్యానవనం అంచున జడ్సన్ స్మారక దేవాలయమున్నది. బర్మా దేశమునకు పోయి అక్కడి భాషలోనికి బైబిలును అనువదించిన అడోనిరామ్ జడ్సన్ పేరిట, ఆయన కుమారుడు ఎడ్వర్డ్ జడ్సన్ 1890లో నెలకొల్పిన బాప్టిస్టు ఆలయమది. 1950ల చివరి నుండి అక్కడ ప్రధాన బోధకుడుగా ఉన్నవారు హోవర్డ్ మూడీ. ఆయన 1921లో టెక్సాస్ రాష్ట్రంలో జన్మించినారు. రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాసేనకు చెందిన మెరీన్ దళంలో పనిచేసినారు. జడ్సన్ ఆలయానికి వచ్చిన తొలినాళ్లలోనే ఒక స్త్రీ ఇట్టి కష్టంతో ఆయనను ఆశ్రయించినది. ఆమెకు తోడుగా తిరిగినప్పుడు ఆ చీకటి లోకమెట్టిదో ఆయనకు కండ్లకు కట్టినది.

శాసనసభలో బిల్లు వీగిపోయిన కొద్ది వారాలకే, 1967 మే 22వ తేదీన, న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పుటలో ఒక వార్త వెలువడినది. పందొమ్మిదిమంది ప్రొటెస్టంటు బోధకులు, ఇద్దరు యూదు మతాచార్యులు, మొత్తం ఇరువది ఒక్కరు కలిసి, అవాంఛిత గర్భంతో దిక్కుతోచని స్త్రీలకు సలహా చెప్పుటకు, అవసరమైతే సురక్షిత వైద్యం దొరికే చోటు చూపుటకు ఒక సంఘముగా ఏర్పడినారని ఆ వార్త సారాంశం. రహస్యముగా చేయదగిన పనిని వారు బహిరంగముగా, పేర్లు చెప్పి, పత్రికకెక్కి చేసినారు. సంఘము పేరులో 'గర్భవిచ్ఛిత్తి' అనే మాటను ఉంచవలెనా, సుకుమారమైన మరియొక మాటతో కప్పవలెనా అన్న తర్జనభర్జన జరిగినది. చివరకు ఆ మాటనే ఉంచినారు. నోటితో చెప్పుటకు సిగ్గుపడిన బాధకు మందు వేయలేమని వారు గ్రహించినారు.

ఆ సంఘం పనిచేసిన తీరు చాల సాదాసీదా. టెలిఫోనులో ఒక నంబరు. ఆ నంబరుకు పిలిస్తే, ముందుగా ముద్రించిన గొంతు ఒకటి ఆ వారం అందుబాటులో ఉండే బోధకుల పేర్లు, వారిని కలిసికొనే విధము చెప్పేది. గర్భం నిజమేనని, ఇన్ని వారాలైనదని వైద్యుడు వ్రాసిన చీటీతో స్త్రీ వచ్చేది. బోధకుడు ఆమెను కూర్చోబెట్టి కథ వినేవాడు. బిడ్డను కని పెంచుకొనుట, దత్తత కిచ్చుట, గర్భం తీయించుకొనుట అనే మార్గాలన్నిటిని ఆమె ముందు పెట్టేవాడు. నిర్ణయం ఆమెది. గర్భం తీయించుకొనుటకే ఆమె నిశ్చయించుకొంటే, నమ్మదగిన వైద్యుని పేరు చెప్పేవాడు. ఆ వైద్యుడు వీలైనంతవరకు మరియొక రాష్ట్రంలోనో, మరియొక దేశంలోనో ఉండేవాడు; అట్లయితే నేరం మోపుట రాష్ట్ర ప్రభుత్వమునకు కష్టము. ఇంగ్లండులో 1967 నాటి చట్టం 1968 ఏప్రిల్‌లో అమలులోనికి రాగా, లండన్ కూడ ఆ జాబితాలో చేరినది. బోధకులు ఒక్క డాలరు పుచ్చుకొనేవారు కారు. పాపనివేదన చేసికొనే విశ్వాసికీ గురువుకూ నడుమ జరిగిన మాటను ఇతరులకు చెప్పనక్కరలేదన్న ధర్మమే వారికి రక్షణ కవచము.

చీటీ ఇచ్చి పంపివేయుటతో వారు ఊరకుండలేదు. ఇక్కడ ఆర్లీన్ కార్మెన్ అనే మహిళను తప్పక స్మరించవలెను. జడ్సన్ ఆలయ కార్యనిర్వాహకురాలు ఆమె. పేర్లు వచ్చిన వైద్యులను పరీక్షించుటకు, తానే గర్భవతినని చెప్పుకొని వారి వద్దకు పోయేది. గది శుభ్రంగా ఉన్నదా, పరికరాలు కాచినవేనా, వైద్యుడు మర్యాదగా మాట్లాడుచున్నాడా, ఎంత సొమ్ము అడుగుచున్నాడు? ఇవన్నీ కండ్లారా చూచి వచ్చి, ఆ పిమ్మటనే పేరును జాబితాకెక్కించేది. పోయివచ్చిన స్త్రీలు కూడ తమకు జరిగిన మర్యాద ఎట్టిదో తెలియజేసేవారు. ఒక్క ఫిర్యాదు నిజమని తేలినా ఆ వైద్యుని పేరు కొట్టివేయబడేది. అనేకులను పంపగల సంఘం గనుక, రుసుము తగ్గించుమని వైద్యులను ఒత్తిడి చేయగలిగినది కూడ. కనికరమనగా కన్నీరు కార్చుట కాదు, పరికరాలు శుభ్రంగా ఉన్నవో లేవో చూచివచ్చుట అని ఆమె పని చెప్పక చెప్పినది.

1973 నాటికి ఈ సేవ 38 రాష్ట్రాలకు వ్యాపించినదని, సుమారు 1,400 మంది మతాచార్యులు ఇందులో చేరినారని చెప్పుదురు. షికాగోలో దీనికి నాయకత్వం వహించిన స్పెన్సర్ పార్సన్స్ సైతం బాప్టిస్టు బోధకుడే. అక్కడి విశ్వవిద్యాలయంలోని రాక్‌ఫెల్లర్ ప్రార్థనాలయానికి అధిపతి. కష్టాలు రాకపోలేదు. క్లీవ్‌లండుకు చెందిన రాబర్ట్ హేర్ అనే బోధకుని మీద 1969లో మసాచుసెట్స్ రాష్ట్రం నేరం మోపినది. షికాగోలోని మాక్స్ టిక్టిన్ అనే యూదు మతాచార్యుని మీద 1970లో మిషిగన్ రాష్ట్రం వారంటు తెచ్చినది. అయినను ఈ పని మానినవారు కనిపించరు. 1970 జూలై 1న న్యూయార్కులో కొత్త చట్టం అమలులోనికి వచ్చినది. 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా ఈ హక్కును గుర్తించినది. అంతటితో సంఘం పని ముగిసినది.

ఒంగోలు జ్ఞాపకము

జడ్సన్ పేరు వినగానే, బాప్టిస్టు సంఘ చరిత్ర తెలిసిన తెలుగువారికి నెల్లూరు, ఒంగోలు స్ఫురింపక మానవు. జడ్సన్‌ను బర్మాలో పోషించిన అమెరికా బాప్టిస్టులే 1835లో శామ్యూల్ డేను తెలుగుదేశానికి పంపినారు. ఆ పరంపరలోని క్లౌ దొర ఒంగోలులో ఉండగా ధాత నామ సంవత్సరపు మహాక్షామం, అనగా 1876-78 నాటి కరవు, వచ్చినది. ఆయన బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించినాడు. ఆ కాలంలో మతంలో చేరుదుమని వచ్చినవారికి బాప్తిస్మమివ్వలేదు. అన్నమునకై విశ్వాసమును అమ్ముకొనరాదనియే ఆయన తలంపు. కరవు తీరిన పిమ్మటనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందినారు.

కాలము, దేశము, కష్టము వేరైనను రెండింటిలోను ఒక సామ్యమున్నది. ఆకలిగొన్నవాని విశ్వాసమును అడిగి కూలి ఇవ్వలేదు ఒంగోలులో. కష్టపడిన స్త్రీ శీలమును అడిగి సలహా ఇవ్వలేదు న్యూయార్కులో. షరతు పెట్టిన దయ బేరమగును గాని కనికరము కాదు.

ఎదుటి పక్షము

ఇట్లని క్రైస్తవులందరు ఈ మార్గమును మెచ్చినారనుకొనరాదు. గర్భధారణ క్షణం నుండి అది ప్రాణమే, దానిని తీయుట హత్యయే అని కాథలిక్ సభ దృఢంగా చెప్పుచున్నది. 1968 జూలైలో ఆరవ పౌలు పోపు వెలువరించిన లేఖ కృత్రిమ గర్భనిరోధమును కూడ నిషేధించినది. ఆ విశ్వాసమును నమ్మి, దిక్కులేని తల్లులకు ఆశ్రయమిచ్చి, బిడ్డలను సాకిన సన్యాసినులు ఎందరో. వారి కరుణను శంకించుట అన్యాయము. ప్రొటెస్టంటులలోను అభిప్రాయం స్థిరంగా ఉండలేదు. దక్షిణ బాప్టిస్టుల మహాసభ 1971లో అత్యాచారము, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యము వంటి కారణాలున్నప్పుడు గర్భవిచ్ఛిత్తిని అనుమతించే చట్టానికై పాటుపడుమని తీర్మానించినది. 1980లో ఆ మహాసభయే తల్లి ప్రాణరక్షణకు తప్ప మరి దేనికీ తగదని తీర్మానించినది. గ్రంథం అదే, చదివిన కండ్లు పదేండ్లలో మారినవి.

మరియొక ఎదుటి గొంతు వినవలసి ఉన్నది. ఆమె ఫానీ లూ హేమర్. మిసిసిపీ రాష్ట్రంలో పత్తి చేలలో కూలి చేసిన నల్లజాతి స్త్రీ. చర్చిలో పాటలు పాడి జనమును కదలించిన భక్తురాలు. ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు. 1961లో కణితి తీయుటకని ఆసుపత్రికి పోగా, ఆమెకు చెప్పకుండ, ఆమెను అడుగకుండ వైద్యుడు గర్భాశయమునే తీసివేసినాడు. ఆ ప్రాంతంలో నల్లజాతి స్త్రీలకు ఇట్టిది ఎంత తరచుగా జరిగేదో! దానికొక వెటకారపు పేరే పుట్టినది. హేమర్ తరువాతి కాలంలో గర్భవిచ్ఛిత్తిని తీవ్రముగా వ్యతిరేకించినది. తన జాతిని తగ్గించు పన్నాగమని అనుమానించినది. కడుపు కోల్పోయిన ఆమె ఇద్దరు ఆడపిల్లలను పెంచుకొన్నది.

మూడీ వద్దకు వచ్చిన స్త్రీకి బిడ్డ వద్దు, లోకం కనుమన్నది. హేమర్‌కు బిడ్డ కావలెను, లోకం వద్దన్నది. ఈ రెండు కథలు ఒకదానికొకటి విరుద్ధముగా కనిపించును. కాని రెండింటిలోను జరిగిన తప్పు ఒక్కటే: కడుపు ఆమెది, మాట మరియొకరిది. 1994 జూన్‌లో షికాగో నగరంలో పన్నెండుమంది నల్లజాతి మహిళలు సమావేశమై ఈ సత్యమునకు ఒక పేరు పెట్టినారు. దానిని మనం 'సంతాన విషయిక న్యాయము' అనవచ్చును. బిడ్డను కనకుండుటకు హక్కు, కనుటకు హక్కు, కన్న బిడ్డలను భయం లేని చోట పెంచుకొనుటకు హక్కు, ఈ మూడును విడదీయరానివి అని దాని సారాంశము. హక్కు కాగితం మీద ఉండి, చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు అది హక్కు కాదు. ఈ సంగతి ఆర్లీన్ కార్మెన్ రుసుము తగ్గించుమని వైద్యులతో వాదించునాటికే తెలిసినదే.

మన సంగతి

2012 అక్టోబరులో ఐర్లండులో సవితా హలప్పనవర్ మరణించినది. కర్ణాటకలోని బెళగావి ఆమె స్వస్థలం, దంత వైద్యురాలు. పదునేడవ వారంలో గర్భం నిలువదని వైద్యులకు తెలిసిపోయినది. గర్భం తొలగించుమని ఆమె వేడుకొన్నది. శిశువు గుండె ఇంకను కొట్టుకొనుచున్నది గనుక శాసనం ఒప్పదన్నారు. ఇది కాథలిక్ దేశమన్న మాటయు ఆమె చెవిని పడినది. రక్తం విషపూరితమై ఆమె కన్నుమూసినది. 1983లో ఆ దేశ ప్రజలు రాజ్యాంగంలో చేర్చుకొన్న నిబంధనను, 2018 మే 25న ఆ దేశ ప్రజలే నూటికి అరువదియారు మంది ఓటు వేసి తొలగించినారు. ఓటు వేసినవారిలో ప్రతి ఆదివారం ఆరాధనకు పోయే భక్తులును ఉన్నారు. విశ్వాసమును విడిచి కాదు, ఆమె ముఖమును మరువలేక వేసిన ఓట్లు అవి.

అమెరికాలో కథ వెనుకకు తిరిగినది. 1973 నాటి తీర్పును 2022 జూన్ 24న అక్కడి సుప్రీంకోర్టు రద్దు చేసినది. ఆ పిమ్మట పదికి పైగా రాష్ట్రాలు గర్భవిచ్ఛిత్తిని దాదాపు పూర్తిగా నిషేధించినవి.

మన దేశంలో 1971లోనే ఈ విషయమై చట్టం వచ్చినది. 1972 ఏప్రిల్‌లో అమలైనది. 2021లో దానిని సవరించినారు. వివాహితకు, అవివాహితకు ఇందులో భేదం చూపరాదని 2022 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టం దృష్టిలో మనం వెనుకబడి లేము. కాని చట్టమున్నదని తెలియని ఆడపడుచులు ఎందరు? తెలిసినను ఆసుపత్రి గడపలో, నీ భర్త ఎక్కడ అన్న ప్రశ్నకు జడిసి వెనుదిరిగేవారెందరు? మరియొక సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. ఆ శస్త్రచికిత్స చేయించుకొన్న పురుషులు నూటికి ఒక్కడైనను లేరు. ఆ 70 మందిలో తన ఇష్టమును ఎవరైనా అడుగగా చెప్పినవారెందరో, అత్తగారో, మగడో నిర్ణయించగా తల వంచినవారెందరో ఏ లెక్కయు చెప్పజాలదు.

మార్కు సువార్తలో ఒక స్త్రీ కథ ఉన్నది. పన్నెండేండ్లుగా రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు పోసి, ఇంకను క్షీణించినది. ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అశుచి; ఎవరిని తాకినను వారికి మైల. అయినను జనసమ్మర్దంలో దూరి, వెనుక నుండి యేసు వస్త్రపు అంచును తాకినది. ఆయన ఆగి, తాకినదెవరని అడిగినాడు. ఆమె వణకుచు ముందుకు వచ్చి తన సంగతి అంతయు చెప్పుకొన్నది. అప్పుడాయన త్వరపడి పోవలసిన పని మీద ఉన్నాడు. ఒక అధికారి కుమార్తె చావు బ్రతుకుల మీద ఉన్నది. అయినను నిలబడి ఆమె చెప్పినదంతయు విన్నాడు. మైల సంగతి ఎత్తలేదు. కుమార్తె అని పిలిచి, సమాధానముతో పంపినాడు.

ఈ కథలో స్వస్థత అద్భుతమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆయన నిలబడి వినుట అంతకు తక్కువది కాదు. గర్భమును గూర్చిన ధర్మసందేహాలు ఒక్క తరంలో తీరునవి కావు. ప్రాణం ఎప్పుడు మొదలగును అన్న ప్రశ్నకు తత్త్వవేత్తలు, మతాచార్యులు, వైద్యులు ఇంకను వాదులాడుచునే ఉందురు, వాదులాడవలెను కూడ. కాని కష్టంలో ఉన్న స్త్రీ ఆ వాదం ముగియువరకు వాకిట నిలువజాలదు. మన పాఠశాలలలో భయంతో బిక్కచచ్చిన ఒక బాలిక మొదట నోరు విప్పునది చాలమారు తల్లి వద్ద కాదు, పంతులమ్మ వద్ద. ఆ క్షణంలో పంతులమ్మ అడుగు మొదటి ప్రశ్న 'ఎవరు?' అని కాక, 'ఏమి కావలెనమ్మా?' అని అయినచో, ఆ బాలిక తక్కిన సంగతి కూడ చెప్పగలదు.